లాసన్స్ బే బండా, విజయవాడ బండా? వాడిన నింజా 650 కొనే ముందు సలహా కావాలి

కూర్మన్నపాలెం వాసి:

అందరికీ నమస్కారం. చాలాకాలంగా మనసులో ఉన్న కోరికను ఈ ఏడాది తీర్చుకోవాలని నిశ్చయించుకున్నాను. నాకు కావలసింది పందేల బండి కాదు. తెల్లవారకముందే బయలుదేరి అరకు వెళ్లి చీకటి పడేలోగా ఇంటికి చేరాలి. సెలవులు కలిసొస్తే మా ఆవిడతో పూరీ దాకా వెళ్లి రావాలి. దిగేసరికి నడుము పట్టేయకూడదు. హైవే మీద లారీని దాటడానికి పది సార్లు ఆలోచించే పని ఉండకూడదు. ఇప్పుడున్న 350 సీసీ బండి మీద ఇద్దరం కూర్చుని అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే ప్రతి మలుపులోనూ దాని ఆయాసం నాకు తెలుస్తూనే ఉంటుంది.

కొత్తది కొనే స్తోమత లేదు. అప్పు చేయకూడదని ఇంట్లో ముందే అనుకున్నాం. బీమా, బదిలీ ఖర్చులు అన్నీ కలిపి నాలుగున్నర లక్షలు దాటకూడదు. ఈ లెక్కలో చూసి చూసి కవాసకి నింజా 650 దగ్గర ఆగాను. 649 సీసీ, రెండు సిలిండర్లు, 68 పీఎస్ శక్తి. సీటు ఎత్తు 790 మిల్లీమీటర్లు కనుక నా పొడవుకు రెండు కాళ్లూ నేలకు ఆనుతాయి. నింజా 1000 మీద ఆశ లేదని కాదు. కానీ 230 కిలోలు దాటిన ఆ బండిని మా సందులో తిప్పి నిలబెట్టడం, వెనక ఆ 190 సైజు టైరు మార్చుకుంటూ ఉండడం నా జీతానికి కుదిరే పని కాదు.

ప్రస్తుతం రెండు బండ్లు కనబడ్డాయి.

మొదటిది ఇక్కడే విశాఖలో, లాసన్స్ బే కాలనీలో. 2018 బండి, కేరళ నంబరు, 19 వేల కిలోమీటర్లు. యజమాని నౌకాదళ అధికారి, బదిలీ మీద వెళ్లిపోతున్నారు. ఎప్పుడూ కవరు కప్పే ఉంచానని, ఆదివారాలు తప్ప తీయలేదని చెప్పారు. ఫొటోల్లో కొత్తదానిలా మెరిసిపోతోంది. 4 లక్షల 20 వేలు అడుగుతున్నారు.

రెండోది విజయవాడలో. 2019, ఏపీ 39 నంబరు, 34 వేల కిలోమీటర్లు. ఫెయిరింగ్ (ఇంజన్ ముందు, పక్కల ఉండే ప్లాస్టిక్ తొడుగు) ఎడమవైపు ఒక గీత ఉంది. యజమాని తరచూ దాని మీద హైదరాబాద్ వెళ్లి వస్తుంటారట. 4 లక్షల 5 వేలు అంటున్నారు.

నా మనసు మొదటి దాని మీదే ఉంది. ఊళ్లోనే ఉంది, తక్కువ తిరిగింది. ఎవరైనా అనుభవం ఉన్నవారు ఏమంటారు? చూడడానికి వెళ్లినప్పుడు ఏమేమి పరీక్షించాలి?

ఘాట్ రోడ్డు ప్రేమికుడు:

నేనైతే మొదటిదే తీసుకుంటాను. 19 వేలు అంటే ఆ ఇంజన్‌కు ఇంకా బాల్యమే. రెండోది దాదాపు రెట్టింపు తిరిగింది కదా. చైను, అది తిరిగే పళ్ల చక్రాలు (స్ప్రాకెట్లు), టైర్లు అన్నీ ఒకేసారి మీ నెత్తిన పడవచ్చు. నౌకాదళం వాళ్లు బండిని శుభ్రంగా చూసుకుంటారని మా వైపు పేరు. ఒక ఇరవై వేలు తగ్గించమని అడిగి తీసేసుకోండి.

కంచరపాలెం మెకానిక్:

పై సలహా ఇచ్చిన తమ్ముడి మాటను నేను ఒప్పుకోలేను. ఇదే విశాఖపట్నంలో ముప్పై ఏళ్లకు పైగా బండ్లు విప్పి బిగిస్తున్నాను. ఈ ఊళ్లో వాడిన బండి కొనేవాళ్లు మొదట అడగవలసింది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని కాదు, రాత్రిళ్లు ఎక్కడ నిలబడిందని. లాసన్స్ బే, పెదవాల్తేరు, అప్పూఘర్, రుషికొండ, ఇవన్నీ ఉప్పుగాలి నేరుగా తగిలే చోట్లు. అక్కడ ఆరుబయట నిలబడిన బండి తిరగకపోయినా అరుగుతుంది. ఇంకా చెప్పాలంటే, తిరిగే బండికంటే తిరగని బండే ఎక్కువ పాడవుతుంది. రోజూ తిరిగే బండి వేడెక్కి తేమను ఆరబెట్టుకుంటుంది, బ్రేకు వేసినప్పుడల్లా డిస్కు తుడుచుకుంటుంది, చైనుకు ఎవరో ఒకరు నూనె పెడతారు. ఆదివారం బండికి ఆ భాగ్యం లేదు.

ఇక కవరు సంగతి. సముద్రం పక్కన గాలి ఆడని కవరు కప్పడమంటే ఉప్పు తేమను లోపల పెట్టి మూత పెట్టడమే. పైనున్న రంగు మెరుస్తుంది. కింద ఇనుమును తుప్పు తినేస్తుంది. ఫొటోలో మెరుపు చూసి మనసు పారేసుకోకండి.

అలాగని ఆ బండిని చూడకుండానే వద్దనను. సెల్లార్‌లో, గోడల మధ్య పెట్టి ఉంటే వేరే సంగతి. వెళ్లి చూడండి, అయితే ఈ వరుసలో చూడండి.

ఉదయం పూట వెళ్లండి. ముందే స్టార్ట్ చేసి ఉంచవద్దని ఫోనులో చెప్పండి. వెళ్లగానే ఇంజన్ మీద చేయి పెట్టండి. వెచ్చగా తగిలితే చల్లని ఇంజన్ ఎలా స్టార్ట్ అవుతుందో వాళ్లు మీకు చూపించదలచుకోలేదని అర్థం.

తర్వాత ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఫోర్కుల దగ్గర కూర్చోండి. నేను ఎక్కువసేపు గడిపే చోటు ఇదే. వెండిలా మెరిసే లోపలి గొట్టాలు ఉంటాయి కదా, ఆయిల్ సీలు పైన ఉన్న నాలుగైదు అంగుళాల మేర గుడ్డతో తుడిచి, బొటనవేలి గోరును పై నుంచి కిందికి మెల్లగా జార్చండి. అద్దం మీద జారినట్టు జారితే మంచిది. ఎక్కడైనా గోరు తట్టుకుంటే ఆగి, ఫోను లైటు అడ్డంగా వేసి చూడండి. ఆవగింజలో సగం కూడా లేని చిన్న చిన్న గుంతలు, చుట్టూ గోధుమరంగు కనబడతాయి. క్రోమ్ పూతలో కంటికి కనబడని పగుళ్లలోంచి ఉప్పు దిగి, అడుగున ఉన్న ఉక్కును తింటే అలా పైకి పొక్కుతుంది. ఫోర్కు కిందికీ పైకీ ఆడినప్పుడల్లా ఆ గుంతల అంచులు సీలును కోస్తాయి, నూనె కారుతుంది. కారిన నూనె బ్రేకు ప్యాడ్ల మీద పడితే ఘాట్‌లో దిగేటప్పుడు ఏమవుతుందో చెప్పనక్కరలేదు. చాలామంది కొత్త సీళ్లు వేయించి బండిని అమ్మకానికి పెడతారు. గొట్టం అలాగే ఉంటే కొత్త సీలు కూడా నిలవదు. గొట్టాలు మార్చాలి, లేదా మళ్లీ క్రోమ్ పూత వేయించాలి. రెండూ ఖర్చే. రెండు వైపులా, వెనక వైపు కూడా చూడండి. వెనక భాగాన్ని తుడిచేవాళ్లు తక్కువ.

ఆ తర్వాత రేడియేటర్. ముందు చక్రం వెనక నుంచి వంగి చూస్తే సన్నని రెక్కలు కనబడతాయి. వేలితో తాకితే తెల్లటి పొడి రాలుతుంటే అల్యూమినియాన్ని ఉప్పు తింటోందన్న మాట. సీటు తీయించి వైర్ల కనెక్టర్లు ఒకటి రెండు ఊడదీసి చూడండి. రాగి మీద ఆకుపచ్చ చిలుము కనబడితే రేపు ఎలక్ట్రికల్ తంటాలు మొదలవుతాయి. అవి వానాకాలంలో, అదీ ఊరికి దూరంగా ఉన్నప్పుడే వస్తాయి. వోల్టు మీటరు పట్టుకెళ్తే ఇంకా మంచిది. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర 12.6 వోల్టుల చుట్టూ ఉండాలి. స్టార్ట్ చేసి కొద్దిగా రేజ్ ఇస్తే 13.5 దాటాలి, 14.5 దగ్గర ఆగాలి. దాటకపోతే ఛార్జింగ్ సరిగా లేదు.

బోల్టుల తలలు చూడండి. అల్యూమినియంలో బిగించిన ఉక్కు బోల్టుకు ఉప్పునీరు తగిలితే రెండూ కరిచిపట్టుకుంటాయి. మామూలు సర్వీసుకు విప్పేటప్పుడు తల తెగి చేతిలోకి వస్తుంది. అప్పుడు డ్రిల్ చేసి తీయాలి. గంట పని రోజు పని అవుతుంది.

పెట్రోలు ట్యాంకు మూత తీసి టార్చి వేయండి. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, అది తేమను లాక్కుంటుంది. సగం ట్యాంకుతో నెలల తరబడి నిలబెట్టిన బండిలో పైభాగాన తుప్పు పట్టే అవకాశం ఎక్కువ. నింజా 650కి 15 లీటర్ల ట్యాంకు. లోపలి గోడ మొత్తం కనబడదు గానీ మెడ దగ్గర చూస్తే సంగతి తెలుస్తుంది.

తుప్పు సంగతి అయింది. పడిన బండి కనిపెట్టడానికి ఒక్కటే చెబుతాను. ఫెయిరింగ్ మారుస్తారు, లివర్లు మారుస్తారు, కానీ హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు ఆగడానికి ఫ్రేము మెడ దగ్గర ఉండే చిన్న దిమ్మెను ఎవరూ పట్టించుకోరు. అది నలిగినా, ఒక వైపు విరిగినా బండి గట్టిగానే పడింది. విజయవాడ బండి ఫెయిరింగ్ మీద గీత ఉందన్నారు. ఆ దిమ్మె, ఎడమ ఫుట్‌రెస్టు కొస, హ్యాండిల్ కొస బాగుంటే ఆ గీత నిలబెట్టినచోట పడ్డదో, ఎవరో రాసుకుపోయిందో అయి ఉంటుంది. దాని కోసం భయపడవద్దు, దాన్ని చూపించి బేరం ఆడండి.

నడిపి చూడడానికి బీచ్ రోడ్డు వద్దు, నున్నటి రోడ్డు మీద అన్ని బండ్లూ బాగుంటాయి. హనుమంతవాక మీదుగా ట్రాఫిక్‌లో పోనివ్వండి. వేడి పెరిగి ఫ్యాను తిరగాలి, తిరిగాక వేడి దిగాలి. అక్కడి నుంచి ముడసర్లోవ మీదుగా అడవివరం వెళ్లండి. తక్కువ వేగంలో హ్యాండిల్ నిటారుగా ఉన్నప్పుడు ఏదో గాడిలో పడ్డట్టు అనిపిస్తే హ్యాండిల్ తిరిగే మెడ బేరింగులు పోయాయి. ముందు బ్రేకు నెమ్మదిగా నొక్కినప్పుడు లివరు వేలి కింద తడబడితే డిస్కు వంకర తిరిగింది. బండి కదలగానే ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) లైటు ఆరిపోవాలి. ఇంజన్ వేడెక్కిన తర్వాత కూడా టకటక చప్పుడు తగ్గకపోతే నాకు ఆ చప్పుడు రికార్డు చేసి పంపండి.

34 వేల కిలోమీటర్ల గురించి మీరు భయపడుతున్నారు. వేళకు ఆయిల్ మార్చిన ఈ ఇంజన్‌కు అది పెద్ద లెక్క కాదు. హైవే మీద ఒకే వేగంతో నడిచిన కిలోమీటర్లు ఇంజన్‌ను తక్కువ అరగదీస్తాయి. సర్వీసు బిల్లులు అడగండి. బిల్లులు వరుసగా చూపించగలిగిన మనిషి దగ్గర బండి కొనండి. చైను చివరికి వచ్చి ఉంటే, వెనక స్ప్రాకెట్ మీద నుంచి వేళ్లతో వెనక్కి లాగితే పళ్లు సగం బయటపడేంత లేస్తుంది. టైరు పక్కన గుండ్రటి గీతలో నాలుగంకెల సంఖ్య ఉంటుంది, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2318 అని ఉంటే అది 2018లో ఇరవై మూడో వారం టైరు. గాడులు ఎంత లోతుగా ఉన్నా అంత పాత రబ్బరును నమ్మి ఘాట్ ఎక్కవద్దు. లాసన్స్ బే బండికి మొదటి టైర్లే ఉన్నాయేమో ఇది కూడా చూడండి.

తీరం విశ్రాంత ఉద్యోగి:

నేను నౌకాదళంలో పనిచేసి ఇక్కడే స్థిరపడ్డాను. బండి గురించి మెకానిక్ గారు చెప్పింది చాలు, నేను కాగితాల గురించి చెబుతాను. ఎందుకంటే మా వాళ్ల బండ్లు కొనేటప్పుడు జనం ఎక్కువగా చిక్కుకునేది అక్కడే.

కేరళ నంబరు బండి మీ పేరు మీదకు మారాలంటే అక్కడి ఆర్టీఓ నుంచి నిరభ్యంతర పత్రం రావాలి. అది ఫారం 28. అమ్మకానికి ఫారం 29, 30 ఎలాగూ ఉంటాయి. ఆపై ఇక్కడ కొత్త నంబరుకు దరఖాస్తు, ఆంధ్రప్రదేశ్ జీవిత పన్ను. కేరళలో కట్టిన పన్నులో మిగిలిన కాలానికి తిరిగి రావలసింది ఉంటే దానికి అక్కడ దరఖాస్తు చేసుకోవాలి, అది మీ చేతికి ఎప్పుడు వస్తుందో చెప్పలేం. కనుక 4 లక్షల 20 వేలు అన్నది ఆ బండి ధర కాదు. దానికి ఇక్కడి పన్ను కలిపితే మీ నాలుగున్నర లక్షల గీత దాటిపోయే ప్రమాదం ఉంది. పన్ను ఎంత అవుతుందో ముందు రవాణా కార్యాలయంలో కనుక్కుని, ఆ తర్వాతే బేరానికి కూర్చోండి.

నిరభ్యంతర పత్రం తర్వాత పంపిస్తాను అనే మాట మీద మొత్తం డబ్బు ఇవ్వకండి. ఆ అధికారి మంచివారే కావచ్చు. కానీ బదిలీ అయిన మనిషి ఓడ ఎక్కి సముద్రం మీదకు వెళ్లిపోతే నెలల తరబడి ఫోను కలవదు. సంతకం కావలసి వచ్చినప్పుడు ఎక్కడ వెతుకుతారు? బండి అప్పు మీద కొన్నదైతే బ్యాంకు లేఖ, ఫారం 35 కూడా ఉండాలి. ఆర్సీలో బ్యాంకు పేరు ఉందో లేదో రవాణా శాఖ వెబ్‌సైట్ పరివాహన్‌లో చూసుకోవచ్చు, పెండింగ్ చలానాలు కూడా అక్కడే తెలుస్తాయి. ఆర్సీ మీద ఉన్న చాసిస్ నంబరునూ బండి మెడ మీద చెక్కిన నంబరునూ మీ కళ్లతో మీరే అంకె అంకె పోల్చుకోండి.

బీమా గురించి ఇంకొక్క మాట. బండి మారిన 14 రోజుల్లోగా బీమా మీ పేరు మీదకు మార్చమని దరఖాస్తు చేసుకోవాలి. క్లెయిము చేయనందుకు వచ్చే రాయితీ పాత యజమానిది, బండితో పాటు మీకు రాదు. కనుక ఆయన కట్టిన ప్రీమియం చూసి మీకూ అంతే అవుతుందని లెక్క వేయకండి. 350 సీసీ దాటిన బండికి 2022లో ఖరారైన రేటు ప్రకారం థర్డ్ పార్టీ ఒక్కటే ఏడాదికి 2,804 రూపాయలు, దాని మీద పన్ను.

విజయవాడ బండికి రాష్ట్రం మారదు కనుక కొత్త నంబరు, కొత్త జీవిత పన్ను బెడద లేదు. నా ఓటు అటే.

భీమిలి రోడ్డు:

అన్నయ్య గారూ, ఇంతమంది ఇంజన్ గురించి చెప్పారు, వెనక కూర్చునే మనిషి గురించి ఎవరూ అడగలేదు. నేను మా వారి నింజా 650 వెనక కూర్చుని అరకు, శ్రీకాకుళం, అరసవిల్లి తిరిగిన దాన్ని. వెనక సీటు ముందు సీటుకన్నా బాగా ఎత్తులో ఉంటుంది, వెడల్పు తక్కువ. కాళ్లు మడుచుకుని కూర్చోవాలి. పట్టుకోవడానికి సరైన ఆధారం లేకపోతే బ్రేకు వేసినప్పుడల్లా బరువంతా ముందున్న మనిషి వీపు మీద పడుతుంది, ఇద్దరికీ మణికట్లు నొప్పి. చీర కట్టుకుని అయితే కుదరదు, పక్కకు తిరిగి కూర్చోవడం అసలే ప్రమాదం.

బండి ఖరారు చేసే ముందు వదినగారిని తీసుకెళ్లి అరగంటైనా వెనక కూర్చోబెట్టి తిప్పండి. ఆవిడకు బాగాలేకపోతే పూరీ ప్రయాణం మీరు ఒక్కరే చేయవలసి వస్తుంది. మేము సీటు లోపలి ఫోమ్ మార్పించి, వెనక ఒక పెట్టె బిగించుకున్నాం. దానికి ఆనుకుని కూర్చోవచ్చని తెలిసిన తర్వాతే నాకు ప్రయాణం మీద ఇష్టం కలిగింది. ఆ ఖర్చుకు కూడా కొంత పక్కన పెట్టుకోండి.

కూర్మన్నపాలెం వాసి:

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. ఈ రోజు ఉదయం లాసన్స్ బే వెళ్లి వచ్చాను. బండి ఆరుబయటే ఉంది, ప్రహరీ పక్కన. మెకానిక్ గారు చెప్పినట్టే ఫోర్కుల వెనక గోరు జార్చాను. కుడివైపు రెండు చోట్ల తట్టుకుంది. లైటు వేసి చూస్తే మీరు వర్ణించిన గుంతలే. టైర్లు రెండూ 2018వే. ఆ అధికారి మర్యాదస్తులు. గుంతలు చూపిస్తే ఆయనే ఆశ్చర్యపోయారు, ఇంతవరకు అక్కడ ఎవరూ చూడలేదన్నారు. నిరభ్యంతర పత్రానికి ఇంకా దరఖాస్తే చేయలేదట. ధర 3 లక్షల 70 వేలకు తగ్గిస్తానన్నారు. పన్ను, ఫోర్కు గొట్టాలు, టైర్లు లెక్క వేసుకుంటే మళ్లీ మొదటికే వస్తోంది. వద్దని చెప్పి వచ్చాను.

విజయవాడ ఆయన బిల్లులన్నీ ఫోనుకు పంపారు. 30 వేల దగ్గర చైను, స్ప్రాకెట్లు మార్చిన బిల్లు ఉంది. టైరు ఫొటో అడిగితే వెంటనే తీసి పంపారు. ఆయన బండిని అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెడతారట. శనివారం ఇద్దరం రత్నాచల్ రైల్లో వెళ్తున్నాం. రాత్రి బంధువుల ఇంట్లో ఉండి ఆదివారం పొద్దున బండి చూస్తాం. మా ఆవిడ వెనక కూర్చుని సరే అన్న తర్వాతే డబ్బు. అన్నీ కుదిరితే అదే రోజు నడుపుకుంటూ రావాలని ఉంది. ఏకబిగిన అంత దూరం ఈ బండి మీద రావచ్చా?

కంచరపాలెం మెకానిక్:

రావచ్చు, బండికి 350 కిలోమీటర్లు ఒక లెక్క కాదు. కానీ మీకు అది కొత్త బండి. బ్రేకు ఎంత నొక్కితే ఎంత ఆగుతుందో చేతికి అలవాటు కావాలి. మొదటి గంట ఏలూరు దాకా నెమ్మదిగా రండి. బయలుదేరే ముందు టైర్లు చల్లగా ఉండగా గాలి చూపించండి, ముందు 32, వెనక 36. ఇంజన్ ఆయిల్ ఎంత ఉందో ఇంజన్ పక్కనున్న చిన్న అద్దంలోంచి చూడండి, బండి నిటారుగా పట్టుకుని చూడాలి, సైడ్ స్టాండు మీద కాదు. రాజమండ్రిలో ఒకసారి, తునిలో ఒకసారి దిగి ఫోర్కుల మీద, ఇంజన్ కింద నూనె తడి ఉందేమో వేలితో తుడిచి చూసుకోండి. మీ ఆవిడను వెనక కూర్చోబెట్టుకుని రావాలనుకుంటే మాత్రం ఈ ఒక్కసారికి వద్దు, ఆమెను రైలు ఎక్కించండి. చీకటి పడితే అనకాపల్లి దగ్గర లారీల మధ్య కొత్త బండితో ఇబ్బంది పడవద్దు, అన్నవరంలో ఆగిపోయి తెల్లవారి రండి. సోమవారం బండి నా దగ్గరకు తెస్తే మెడ బేరింగులు, వెనక షాకబ్జార్బరును కలిపే లింకేజీ విప్పి గ్రీజు పెట్టి ఇస్తాను. అది ఎవరూ పెట్టించరు.